పక్క సీటు

ముందే చెబుతున్నాను, నాకు కార్ల పిచ్చి లేదు. ఏసీ పనిచేస్తే, వానలో అద్దం తుడిస్తే, రాజ్‌కిశోర్ నగర్‌లోని ఇంటి నుంచి బ్యాంకుకీ బ్యాంకు నుంచి ఇంటికీ చేరిస్తే నా దృష్టిలో అది మంచి కారే. అలాంటి నాగభూషణాన్ని, యాభై రెండేళ్ళ బ్యాంకు మేనేజరుని, తలకు హెల్మెట్ బిగించి రేసు ట్రాక్ మీద కూర్చోబెట్టిన ఘనత ఒక్క మనిషికే దక్కుతుంది. ఆయన పేరు రాంప్రసాద్. బిలాస్‌పూర్‌లో గూడ్సు బండ్లు నడిపే లోకో పైలట్. రిటైర్మెంటుకు అప్పటికి ఎనిమిది నెలలుంది.

రాంప్రసాద్ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆవిరి ఇంజన్లో బొగ్గు వేశాడు. తండ్రి డీజిల్ బండి నడిపాడు. ఈయన రైల్వే కాలనీలో పుట్టి, అక్కడే పెరిగి, కరెంటు ఇంజనెక్కాడు. ఇంట్లో నూటికి నూరుపాళ్ళూ ఉత్తరాంధ్ర మాట. తెలుగు చదవమంటే మాత్రం బోర్డు పేర్లు కూడా కూడబలుక్కుంటాడు. హిందీ పత్రిక ఇస్తే ఒక్క ఊపులో చదివేస్తాడు. అలా పదిహేడో ఏట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఒక హిందీ పత్రిక తిరగేస్తుంటే రేసు కారు బొమ్మ కనబడిందట. అంత పొట్టి కారు, అంత వెడల్పు చక్రాలు, లోపల హెల్మెట్‌తో ఒక మనిషి. జీవితంలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, అలాంటి బండిని దాని సత్తా మేరకు నడపాలని ఆ రోజే మనసులో పడింది.

జీవితం ఆయనకు ఇచ్చింది దానికి సరిగ్గా వ్యతిరేకం. కోర్బా వైపు నుంచి బొగ్గు నింపుకొచ్చే గూడ్సు బండి. దాదాపు అరవై వ్యాగన్లు. గంటకు డెబ్బై దాటితే గొప్ప. ఆపాలంటే కిలోమీటరు ముందు నుంచే ఆలోచన మొదలుపెట్టాలి. ముప్పై ఆరేళ్ళు అదే పని, ఒక్క మచ్చ లేకుండా చేశాడు. సెలవు రోజున మాత్రం తన పాత మారుతి ముందు కూర్చునేవాడు. బరువు తగ్గితే బండి చురుగ్గా తిరుగుతుందని దానిలో కార్పెట్ పీకాడు, స్పీకర్లు పీకాడు, చివరికి పక్క సీటూ వెనక సీటూ కూడా పీకాడు. నాకు లిఫ్ట్ ఇచ్చినప్పుడల్లా వెనకాల గోనెసంచి మీద కూర్చోబెట్టేవాడు. బ్యాంకు మేనేజరు గోనెసంచి మీంచి దిగడం మా గుమాస్తాలు రెండుసార్లు చూశారు కూడా.

ఆదివారం పూట నెహ్రూ నగర్‌లో ఒక టీకొట్టు దగ్గర కార్ల పిచ్చివాళ్ళు చేరతారు. నేను టీ కోసం చేరతాను. నిరుడు వర్షాలు పోయాక, పుణె దగ్గర కొత్తగా మొదలైన ఒక కంపెనీ నుంచి వాళ్ళకో కబురొచ్చింది. ట్రాక్ మీద నడపడానికే ఒక చిన్న స్పోర్ట్స్ కారు తయారు చేస్తున్నాం, మీలాంటి అభిమానులకు అందులో ఏమేం కావాలో రాయండి, రాసినవాళ్ళలో పన్నెండు మందిని పిలిచి నమూనా కారు నడిపిస్తాం అని. ఆ ఆదివారం అక్కడ టీ చల్లారిపోయింది, ఎవరూ తాగలేదు.

పవర్ ప్లాంటులో ఇంజనీరు రవిచంద్ర వరంగల్ మనిషి. ఆయన మూడు వందల గుర్రాల శక్తి ఉన్న ఇంజను దగ్గర మొదలుపెట్టాడు. "పవర్ లేకుంటే ట్రాక్ మీద ఏం జేస్తం?" అన్నాడు. మా బ్యాంకులోనే పనిచేసే స్పందన చేత్తో వేసే గేరు ఉండాలంది. "గేర్ తో హాథ్ మే హోనా చాహియే అంకుల్, లేకపోతే వీడియో గేమ్ ఆడుకోవచ్చు కదా," అంది. తర్వాత ప్రతి రౌండుకీ ఎంత సమయం పట్టిందో చూపే తెర కావాలంది, రంగులు కూడా చెప్పింది. రాంప్రసాద్ అంతా విని తల గోక్కున్నాడు.

"అందరూ అది పెట్టండి, ఇది పెట్టండి అంటన్నారు. తీసీమనీవోడు ఒక్కడూ నేడేటి?" అన్నాడు.

ఆయన హిందీలో చెబుతుంటే నేను టైపు కొట్టాను. పదకొండు కోరికలు, పదకొండూ తీసెయ్యమనేవే. కార్పెట్ వద్దు, పాటలు వద్దు, అద్దాలకు మోటార్లు వద్దు. నాలుగోది, పక్క సీటు వద్దు. "తోలీవోడు ఒక్కడే గదా. రెండోవోడు ఊరికే బరువు," అని కారణం కూడా చెప్పాడు. ఆ పదకొండూ పోను, ఒక్క బ్రేకు విషయంలో మాత్రం అక్కర్లేదనలేదు. మొదటి రౌండులో ఎలా పట్టిందో పదో రౌండులోనూ అలాగే పట్టాలి అన్నాడు.

రవిచంద్రను పిలవలేదు. స్పందననూ పిలవలేదు. రాంప్రసాద్‌ను పిలిచారు. రవిచంద్ర వారం రోజులు టీకొట్టుకు రాలేదు, అది వేరే సంగతి.

ట్రాక్ చెన్నై అవతల ఎక్కడో ఉంది. రాంప్రసాద్ భార్య లక్ష్మీనరసమ్మ గారు నన్ను పిలిచి బీపీ మాత్రల అట్ట చేతిలో పెట్టారు. "బాబూ, మీరు కూడా ఎళ్ళండి. ఈయనకి బండి కనబడితే కూడూ నీళ్ళూ గుర్తుండవు," అన్నారు. ఆవిడ చెబితే కాదనే ధైర్యం కాలనీలో ఎవరికీ లేదు. రైలెక్కాం. దారి పొడవునా ఆయన కిటికీలోంచి సిగ్నళ్ళు చూస్తూ పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

ట్రాక్ దగ్గర కంపెనీ ఇంజనీరు, ముప్పై ఐదేళ్ళ మరాఠీ అమ్మాయి, పన్నెండు మందికీ కారు చూపించింది. నారింజ రంగు. నా నడుముకన్నా ఎత్తు లేదు. నమూనాలో రెండు సీట్లున్నాయి గానీ, అసలు కారులో ఒకటే పెట్టాలనుకుంటున్నాం, బిలాస్‌పూర్ నుంచి ఈయన రాసిన ఉత్తరం మాకు బాగా నచ్చింది అని ఆవిడ హిందీలో చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. రాంప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. పొద్దున ఒక్కొక్కరికీ ఐదు రౌండ్లు, పక్కన కంపెనీ శిక్షకుడు కూర్చుంటాడు. మధ్యాహ్నం మరో ఐదు, ఇష్టమైతే ఒంటరిగా, ఇష్టమైతే ఎవరినైనా కూర్చోబెట్టుకుని. తర్వాత ఎవరికేం కావాలో చివరి మాట చెప్పాలి.

పొద్దున రాంప్రసాద్ నడిపింది చూసి నాకే సిగ్గేసింది. తిన్నని దారిలో బాణంలా వెళుతున్నాడు. మలుపు ఇంకా అల్లంత దూరంలో ఉండగానే బ్రేకు. కారు పాపం నీరసపడి, మెల్లగా మలుపు తిరిగి, మళ్ళీ పరుగెత్తి, మళ్ళీ నీరసపడుతోంది. ఐదు రౌండ్లూ అంతే. రౌండు సమయాలు చూపే బోర్డు మీద పన్నెండో పేరు ఆయనది, పదకొండో పేరుకీ దానికీ మధ్య ఇరవై రెండు సెకన్లు. ఒక కుర్రకారు జట్టు "అంకుల్ స్టేషన్ స్టేషన్‌కీ ఆపుతున్నాడు" అని నవ్వుకుంది. నాకు ఒళ్ళు మండింది గానీ ఏమనగలను, నిజమే కదా.

భోజనాల దగ్గర ఆయన పళ్ళెం ముట్టుకోలేదు. మాత్ర ఇస్తే మింగాడు.

"నలభై రెండేళ్ళు ఎదురుసూసినాను, నాగభూషణంగారూ," అన్నాడు చివరికి. "కాలు నా మాట ఇనడం నేదు."

"వయసు కదండీ," అన్నాను ఓదార్పుగా.

"వయసు కాదు!" అని కసిరాడు. "మలుపు మలుపుకీ పచ్చజెండా పట్టుకొని మనిషున్నాడు గదా. నాను సూస్తన్నాను, రెండో మలుపు గ్రీన్ అని పిలుస్తన్నాను. పక్కనున్నోడు పలకడం నేదు. బొటనేలు సూపిత్తన్నాడు. బొటనేలు ఏటి సేసుకోను? పలకకపోతే ఏటి సెయ్యాల? బండి ఆపాల గదా!"

అప్పుడు అర్థమైంది నాకు. ఇంజన్లో ఎప్పుడూ ఇద్దరుంటారు, పైలటూ అసిస్టెంటూ. ముందు సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి, రెండోవాళ్ళు తామూ చూసి అదే మాట తిరిగి చెప్పాలి. రెండో గొంతు వినబడకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే. ముప్పై ఆరేళ్ళుగా ఆయన కాలు రెండో గొంతు వినే ముందుకు పోతోంది. ట్రాక్ మీద ఆ గొంతు లేదు. ఆయన బుద్ధికి దారి ఖాళీ అని తెలుసు, కాలికి తెలియదు.

నేను చేసింది ధైర్యమని అనుకోకండి, నోరు జారడమే. "నేను పలుకుతాను, పదండి," అన్నాను.

ఆ కారులోకి ఎక్కడం అంటే బావిలోకి దిగడమే. బెల్టులు బిగించారు. ఊపిరాడటానికి తగినంత చోటు మాత్రం వదిలారు, దానికి వాళ్ళకు కృతజ్ఞతలు. హెల్మెట్లలో చిన్న మైకులున్నాయి, ఆయన గొంతు నా చెవిలోనే ఉంది. బయలుదేరాం. వీపు సీటుకు అతుక్కుపోయింది. నేను వెంటనే కళ్ళు మూసుకున్నాను.

"ఒకటో మలుపు, గ్రీన్!"

"ఒకటో మలుపు, గ్రీన్!" అని అరిచాను.

రెండో మలుపు, మూడో మలుపు. ఆయన చెప్పడం, నేను తిరిగి చెప్పడం. బాగానే సాగుతోందని సంబరపడేలోపు కారు నీరసపడింది. పక్కకు తీసి పూర్తిగా ఆపేశాడు.

"కళ్ళు మూసుకొని పలుకుతన్నారేటి?" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"నాను గ్రీన్ అనడం, మీరు గ్రీన్ అనడం. మజ్జిన సూసే టయిమే నేదు. సూడకండా పలికితే అసిస్టెంటు ఉజ్జోగం పోద్ది, తెలుసునా మీకు?" ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. "సూసి పలకండి బాబూ. మీరు సూస్తేనే నాను ఎళ్ళగలను."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్ని కాగితాల మీద చూడకుండా సంతకం పెట్టానో నాకు తెలుసు. ఎవరూ ఇలా బండి ఆపి అడగలేదు. సిగ్గేసింది. కళ్ళు తెరిచాను.

తెరిస్తే ప్రాణం పోయేలా ఉంది. దారి మొత్తం మా మీదికి ఉరికి వస్తోంది. అయినా వెతికాను. దూరంగా, గడ్డి పక్కన, తెల్లచొక్కా మనిషి, చేతిలో పచ్చటి గుడ్డ.

"నాలుగో మలుపు, గ్రీన్!" అన్నాడాయన.

ఒక క్షణం పట్టింది. నిజంగానే చూశాను. "నాలుగో మలుపు, గ్రీన్!"

కారు నీరసపడలేదు. ఇంకా ముందుకు, ఇంకా ముందుకు పోయి, ఇక గడ్డిలో పడ్డట్టే అని నేను అనుకున్న చోట బ్రేకు పడింది. నా గుండె ఛాతీలోంచి బయటికొచ్చి అద్దానికి తగిలిందనుకున్నాను. మలుపు తిరిగిపోయాం. ఆయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, నవ్వో ఏడుపో చెప్పలేను. "ఐదో మలుపు, గ్రీన్!" అన్నాడు. ఈసారి నేను ఆయనకంటే ముందే చూసి ఉన్నాను.

మిగిలిన రౌండ్లలో నాకు భయం తగ్గిందని చెప్పను. భయంతో పాటు మరొకటి కూడా వచ్చింది, సంతోషం. చివరి రౌండులో తిన్నని దారి మీద నేనే ముందు అరిచేశాను, "గ్రీన్!" అని. "గ్రీన్!" అని ఆయన తిరిగి చెప్పి, కాలు నేలకు ఆనేదాకా నొక్కాడు.

బోర్డు మీద ఆయన పేరు ఐదో చోటికి ఎక్కింది. కుర్రకారు జట్టు వచ్చి చేతులు కలిపింది. ఆయన బోర్డు వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ కారు వైపే చూస్తూ నిలబడ్డాడు. నేను మాత్రం టైర్ల గుట్ట మీద కూలబడ్డాను.

ఇంజనీరు అమ్మాయి కాగితం పట్టుకుని వచ్చింది. చివరి మాట చెప్పండి, ఈ కారులో మీకేం కావాలి?

"పక్క సీటు తియ్యొద్దు," అన్నాడు రాంప్రసాద్ హిందీలో.

ఆవిడ తెల్లబోయింది. దానితో, దాని బెల్టులతో, ఇరవై కిలోలు తేడా వస్తుంది, పైగా తీసెయ్యమని రాసింది మీరే కదా అంది. పన్నెండు మందిలో పదకొండు మంది ఒక్క సీటే చాలన్నారు అని కూడా చెప్పింది.

"రాసినప్పుడు నేను తోలలేదమ్మా. తప్పు రాశాను, కొట్టెయ్యండి," అన్నాడు.

ఆవిడ కొట్టేసింది. కారు ఎన్ని సీట్లతో వస్తుందో ఇప్పటికీ తెలియదు, పదకొండు మంది మాటే చెల్లుతుందని నా అనుమానం. ఆయన దాని గురించి మళ్ళీ అడగలేదు కూడా.

సాయంత్రం ట్రాక్ బయట నిలబడి ఇంటికి ఫోను చేశాడు. లక్ష్మీనరసమ్మ గారు మొదట అడిగింది మాత్ర గురించి, తర్వాత నా గురించి.

"బాగున్నాడు," అన్నాడు. "నిజంగా సూసి పలికినాడే. అందుకే తోలగలిగినాను." ఆ మాట చెప్పి, ఫోను నా చేతికిచ్చి, అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.