అడుగు ఊడిన సీసా

ఆ కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ ఢామక్క అనే పిలిచేవారు. రోజుకి నలభై ఖాళీ సీసాలు పేల్చడం ఆమె ఉద్యోగం. మందపాటి అద్దాల పెట్టెలో ప్లాస్టిక్ సీసాను బిగించి, లోపలికి నీళ్లు తోస్తూ పోవాలి. సీసా ఉబ్బి ఉబ్బి ఢామ్మంటుంది. ఆ క్షణాన లోపలి ఒత్తిడి చూపే మీటరు ముల్లు పది దాటి ఉంటే సరే. లేదంటే వెంటనే కబురు చెప్పాలి.

నిజానికి చిన్నప్పుడు బుడగ పేలితేనే మంచం కింద దూరే రకం. లేబుళ్లు అతికించే చోట తొమ్మిదేళ్లు నిలబడి కాళ్లు పీక్కుపోయాక, పరీక్షల గదిలో కుర్చీ ఉంటుందని తెలిసి ఎగిరి గంతేసి ఒప్పుకుంది. మొదటి వారం సీసా కంటే ముందు ఆమే కేక పెట్టేది. "ముందు నీ గొంతుకో మీటరు పెట్టాలమ్మా" అని పని నేర్పిన పెద్దాయన పడీ పడీ నవ్వేవాడు. రెండేళ్లు తిరిగేసరికి శబ్దాన్ని బట్టే ముల్లు ఎక్కడుందో చెప్పేసేది.

మండుటెండల్లో ఒకరోజు పొద్దున్నే ఒక సీసా ఏడు దగ్గరే పేలిపోయింది. అదీ పక్కన కాదు, అడుగున. లైను ఆపమని ఆమె వెంటనే కబురు పంపింది.

"ఒక్క సీసాకే ఇంత హడావిడా అక్కా? గేటు దగ్గర లారీలు బారులు తీరాయి" అన్నాడు సూపర్‌వైజరు.

"పక్క చీలితే ఓర్చుకున్నంత ఓర్చుకుందనుకోవచ్చు తమ్ముడూ. అడుగు ఊడిందంటే పుట్టుకలోనే తేడా ఉంది. నింపాక లారీలో ఎండకి ఉడికితే లోపలి గ్యాసు ఊరుకుంటుందా? ఏ పసిపిల్ల చేతిలోనో పేలితే?"

ఆయన తల గోక్కున్నాడు. ఆమె ఇంకో ఇరవై తెప్పించింది. ఒక్కొక్కటే అడుగున పోవడం మొదలైంది. పదకొండోది కూడా అలాగే పేలేసరికి ఆయనే పరుగున వెళ్లి లైను ఆపేశాడు.

మెకానిక్ సీసాలు తయారయ్యే అచ్చు విప్పి చూస్తే, అడుగును చల్లార్చే నీళ్ల గొట్టం పూడిపోయి ఉంది. అడుగు గట్టిపడకముందే సీసాలు బయటికి వచ్చేస్తున్నాయన్నమాట. మధ్యాహ్నానికి గొట్టం బాగు చేసి కొత్త సీసాలు తెచ్చారు. షిఫ్టు షిఫ్టంతా గది కిటికీకి ముక్కులు ఆనించి, ముల్లు ఎక్కేకొద్దీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తొమ్మిది! పది! పదకొండు! పదమూడు దగ్గర పక్క చీలి ఢామ్మంది. ఈలలే ఈలలు. మిగతా సీసాలన్నీ కూడా పది దాటాయి. ఢామక్క మూతి బిగించుకుని పుస్తకంలో రాయబోయింది గానీ, నవ్వు ఆగితేనా!

ఇక అప్పటికే నింపిన సీసాలు. ముఖాలకు కవచాలు, చేతులకు తొడుగులు వేసుకుని, మూతలు మెల్లగా సడలించి అన్నీ పారబోశారు. నారింజ నురగ మోకాలెత్తు లేచింది. సూపర్‌వైజరు జారి అందులోనే కూలబడి, లేవడం మానేసి చిన్నపిల్లాడిలా నవ్వుతూ కూర్చున్నాడు.

సాయంత్రం కోడలు ఆమెను గుమ్మంలోనే ఆపేసింది. "అత్తయ్యా, ఆ చెప్పులేంటి, అడుగుకో పచక్ అంటున్నాయి?"

జరిగిందంతా విని, కాళ్లకు నీళ్లు పోస్తూ, "అంత పారబోశారా! నాకో సీసా అయినా తేలేదేం?" అంది.

"రేపటి సరుకులోంచి తెస్తాలే. అది కళ్లు మూసుకుని తాగొచ్చు" అంది ఢామక్క.