దారి చెప్పే యంత్రం కొన్న ఏడాది

జబ్బు చేసి లేచాక నా కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. మాట కొన్నాళ్ళు తడబడి, అదీ సర్దుకుంది. మెదడులో వెనకవైపు చిన్న రక్తనాళం మూసుకుపోయిందనీ, పెద్ద గండమే తప్పిందనీ విజయవాడ ఆస్పత్రిలో డాక్టరు అన్నారు. కొంతకాలం బండి నడపొద్దన్నారు, నడపలేదు. తర్వాత ఆయనే చూపు పరీక్షించి, చేతి పట్టు చూసి, నెమ్మదిగా మొదలుపెట్టుకోవచ్చన్నారు. నాలో పోయిందేమిటో అప్పటికి ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు.

నా బతుకు రోడ్డు మీదే గడిచింది. కంకిపాడులో రొయ్యల మేత, చెరువు మందులు అమ్మే కొట్టు మాది. కొట్లో మా ఆవిడ కూర్చునేది. నేను కార్లో సరుకు వేసుకుని గుడివాడ, ముదినేపల్లి, బంటుమిల్లి వైపు చెరువులన్నీ తిరిగేవాణ్ణి. నీళ్ళు పరీక్ష చేసి ఏ మందు ఎంత చల్లాలో చెప్పేవాణ్ణి. చదివింది మామూలు డిగ్రీయే అయినా రైతులు నన్ను డాక్టరు గారూ అనే పిలిచేవారు.

మళ్ళీ స్టీరింగు పట్టుకున్న మొదటి వారంలోనే పామర్రు సెంటర్లో ఆగిపోయాను. గుడివాడ వెళ్ళాలంటే అక్కడ ఎడమకు తిరగాలి. ఆ మలుపు నేను ఎన్ని వందలసార్లు తిరిగానో. ఆ రోజు మాత్రం ఆ నాలుగు రోడ్లూ నేనెప్పుడూ చూడని ఊరివిలా కనిపించాయి. బోర్డు చదవగలిగాను. గుడివాడ అన్న మాట తెలుసు, ఆ ఊళ్ళో ఎవరెవరున్నారో తెలుసు. కానీ ఆ రోడ్డుకూ ఆ పేరుకూ సంబంధం తెగిపోయింది. వెనక లారీ హారన్ కొడుతోంది. పక్కకు తీసి, టీ కొట్టతన్ని దారి అడిగాను. ఆయన నన్ను ఎరిగున్నవాడే. వేళాకోళం అనుకుని నవ్వాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె మళ్ళీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. కొందరికి ఇలా దారులు గుర్తుపట్టే శక్తి మాత్రమే దెబ్బతింటుందనీ, తిరిగి రావచ్చు, రాకపోవచ్చుననీ ఆయన అన్నారు. తోడు లేకుండా దూరం వెళ్ళొద్దన్నారు. కొట్టు మూసి ఆమె రోజూ నాతో రావడం కుదరదు. డ్రైవర్ని పెట్టుకునే స్తోమత ఆస్పత్రి ఖర్చులతోనే పోయింది.

ఫోనులో మ్యాపు పెట్టుకుని చూశాను. కానీ రైతుల ఫోన్లు ఆగవు. ఫోను మోగినప్పుడల్లా మ్యాపు తెర మీంచి పోయేది, దారి చెప్పే గొంతు ఆగిపోయేది. సరిగ్గా ఆ క్షణంలో మలుపు వచ్చేది. దారి చెప్పడం తప్ప వేరే పని లేని యంత్రమేదైనా ఉంటే బాగుండునని అప్పుడే అనిపించింది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం గవర్నర్‌పేట వెళ్ళాం. మలుపు మలుపుకూ ఆమె చెబుతుంటే నేను నడిపాను. కార్ల సామాన్లమ్మే కొట్లు రెండు మూడు తిరిగాం. అందరూ పెద్ద తెర ఉన్న స్టీరియోలే చూపించారు. పాటలు, వెనక కెమెరా, మ్యాపు అన్నీ అందులోనే వస్తాయట. ధర వినగానే మా ఆవిడ నా మొహం చూసింది. చివరి కొట్టాయన లోపలికెళ్ళి, దుమ్ము పట్టిన చిన్న అట్టపెట్టె తెచ్చాడు. అద్దానికి అంటించుకునే అరచేయంత యంత్రం. ఇప్పుడివి ఎవరూ అడగడం లేదని, తగ్గించి ఇస్తానని అన్నాడు.

మా ఆవిడ నాకంటే ఓపిగ్గా అన్నీ అడిగింది. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుందా, తెలుగులో చెబుతుందా, చిన్న చిన్న ఊళ్ళు ఉంటాయా అని. సిగ్నల్ అక్కర్లేదన్నాడు. గొంతు ఇంగ్లీషేనన్నాడు.

"మ్యాపులు మాత్రం పాతవేనండీ. ఈ మధ్య వేసిన రోడ్లు దీంట్లో ఉండవు. ముందే చెబుతున్నా," అన్నాడు.

ఆమె పెద్ద తెరదే తీసుకుందామంది, నెలనెలా కట్టుకుందామంది. డెల్టాలో రోడ్లు ఎక్కడికి పోతాయి, కాలవలు ఉన్నచోటే ఉంటాయి గదా అన్నాన్నేను. చిన్నదే తీసుకున్నాం.

చెరువులకు చిరునామాలుండవు. అక్కడికి ఒకసారి వెళ్ళి, మీట నొక్కి గుర్తు పెట్టుకోవాలి. అందుకని ఆమె కొట్టు మూసి కొన్ని రోజులు నాతో తిరిగింది. ఒక్కో గట్టు మీద ఆగి ఆ రైతు పేరు రాసి దాచింది. తర్వాత చాలా వారాలు నేను ఒక్కణ్ణే వెళ్ళొచ్చాను. ఆ యంత్రంలోని ఇంగ్లీషు గొంతు ముదినేపల్లిని ఏదో విదేశం పేరులా పలికేది. నాకు నవ్వొచ్చేది. ఎడమ అంటే ఎడమ, కుడి అంటే కుడి. కళ్ళెదుట ఉన్నది ఏ ఊరో తెలియకపోయినా చేరాల్సిన చోటికి చేరుతున్నాను. జబ్బు సంగతి రైతులెవరికీ చెప్పలేదు. దారి తెలియనివాడు చెరువు సంగతేం చెబుతాడని అనుకుంటారేమోనని.

వానాకాలం వచ్చింది. ముసురు పట్టి ఎండ మొహం చూడని రోజులు. అలాంటప్పుడు చెరువు నీళ్ళలో ప్రాణవాయువు పడిపోతుంది. ఒక ఉదయం బంటుమిల్లి దగ్గర చెరువు చూస్తుండగా ఒక రైతు ఫోను చేశాడు. అతనూ భార్యా రెండు చెరువులు కౌలుకు తీసుకుని రొయ్య వేశారు. ఇంకొన్నాళ్ళలో పట్టుబడి, రొయ్య పట్టి అమ్ముకోవడమే. కరెంటు పోయి నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఆగిపోయాయట. డీజిలింజను పట్టుమని పది నిమిషాలు తిరగడం లేదట. రొయ్యలు పైకి తేలి గుటకలు వేస్తున్నాయన్నాడు. చల్లితే నీళ్ళలో ప్రాణవాయువు పెంచే బిళ్ళలు అతని దగ్గర అయిపోయాయి. నా కార్లో బస్తా ఉంది. దగ్గర్లోనే ఉన్నాను, ఇదిగో వచ్చేస్తున్నానని చెప్పి బయల్దేరాను.

అతని చెరువుకు ఎప్పుడూ కంకిపాడు వైపు నుంచే వెళ్ళాను. ఆ రోజు అవతలి వైపు నుంచి వెళ్తున్నాను. యంత్రం నన్ను ఒక కాలవ గట్టు ఎక్కించింది. కొంత దూరం పోయాక గట్టు పక్కన వంతెన ఉండాల్సిన చోట రెండు సిమెంటు దిమ్మలు మాత్రమే ఉన్నాయి. మధ్యలో కాలవ నిండుగా పారుతోంది. పాత వంతెన కొట్టేసి కొత్తది ఇంకెక్కడో కట్టారన్నమాట. యంత్రం మాత్రం వంతెన దాటమనే చెబుతోంది.

వెనక్కి తిప్పాను. ఒక చీలిక దగ్గర గట్టు దిగి మళ్ళీ యంత్రాన్నే నమ్మాను. అది చుట్టూ తిప్పి తిరిగి అదే దిమ్మల దగ్గర నిలబెట్టింది. ఇంకెవరైనా అయితే ఇటు పోతే అటు తేలుతుందని ఊహించుకుని వెళ్ళిపోయేవారు. నాకు ఏ దిక్కు చూసినా ఒకటే. అన్నీ చెరువులు, అన్నీ గట్లు. మాటలకు తప్ప నెట్‌కు సిగ్నల్ చాలక ఫోనులో మ్యాపు తెరుచుకోలేదు.

రైతు మళ్ళీ ఫోను చేశాడు. "ఎక్కడున్నారండీ?"

తెలీదన్నాను. అతనికి అర్థం కాలేదు. గేదెలు తోలుకుపోతున్న ఒకావిడకు ఫోను ఇచ్చి, ఇది ఏ చోటో చెప్పమన్నాను. ఆమె చెప్పింది. నాకు దారి కూడా చెప్పింది. చర్చి దగ్గర ఎడమ, తూము దాటాక కుడి అని. ఆ మాటలు గొణుక్కుంటూ బయల్దేరి, చర్చి దగ్గరికి వచ్చేసరికి ఏ వైపు నుంచి వచ్చానో గుర్తు లేకుండా పోయింది. అక్కడే ఆగి రైతుకు ఫోను చేశాను. రైతు ఇంజను వదిలి రాలేక భార్యను పంపాడు. ఆమె స్కూటీ మీద తడుస్తూ వచ్చి, ఏమీ అడక్కుండా కారు ముందు దారి తీసింది. ఆమె వెనకే వెళ్ళాను. నిజంగానే ఎంతో దూరం లేదు.

మేం చేరేసరికి మొదటి చెరువులో రొయ్యలు పైకి తేలడం ఆగిపోయింది. తేలడానికి ప్రాణం ఉండాలి గదా. రైతు నడుంలోతు నీళ్ళలో నిలబడి చేత్తో అడుగు తడిమి చూస్తున్నాడు. పిడికిలి తెరిస్తే అన్నీ చచ్చిన రొయ్యలే. రెండో చెరువులో బతికినవాటి కోసం ఇద్దరం బిళ్ళలు చల్లాం. మధ్యాహ్నానికి అదీ పోయింది.

గట్టు మీద కూర్చున్నప్పుడు, ఇంత దగ్గరి నుంచి అంతసేపు ఎందుకు పట్టిందని అతను అడిగాడు. నా జబ్బు సంగతి మొదటిసారి చెప్పాను. భార్య కొంగు పిండుకుంటూ నిలబడింది.

"ఆ మాట ముందే చెప్పుంటే నేనే వచ్చి తెచ్చుకునేదాన్ని గదండీ," అంది. కోపంగా కాదు. ఆ గొంతులో కోపానికి కూడా ఓపిక లేదు.

మా ఆవిడకు ఫోను చేసి, తను వచ్చే వరకూ అక్కడే ఉన్నాను. ఆమె బస్సులూ ఆటోలూ మారి సాయంత్రానికి చేరింది. తనకు డ్రైవింగు రాదు. ఆ ఊరివాడెవరో కారు కంకిపాడు దాకా తెచ్చి పెట్టాడు. ఆ తర్వాత నేను నడపలేదు. కారు అమ్మేశాం. కొన్నవాడు యంత్రంతో తనకు పని లేదన్నాడు, పాతది కదా అని. మా ఆవిడ దాన్ని ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు.

ఇప్పుడు కొట్లో నేను కూర్చుంటున్నాను. రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకుని వస్తే పరీక్ష చేసి చెబుతాను. ముందున్నంత మంది రావడం లేదు.

ఆ దంపతులు కౌలు వదిలేశారని తెలిసింది. ఒకసారి ధైర్యం చేసి ఫోను చేశాను. ఆమె ఎత్తింది. భర్త భీమవరం వైపు రొయ్యలు వొలిచే ఫ్యాక్టరీలో పనికి పోతున్నాడనీ, తనూ వచ్చే నెల నుంచి వెళ్తాననీ చెప్పింది.

"ఆరోగ్యం జాగ్రత్తండీ," అని పెట్టేసింది.