అత్త కనపడని తెర

హౌరా పక్కనే లిలువాలో ఉండే మా మేనత్తకి ఎక్కడ గాజు కనపడినా ఆగి, పైట సర్దుకుని, "పర్లేదు, బాగానే ఉన్నాను" అనుకోవడం అలవాటు. బస్సు కిటికీ అయినా, మందుల షాపు తలుపైనా ఆమెకి ఒకటే.

నేను అప్పట్లో సాల్ట్ లేక్‌లో ఒక కంపెనీ తరఫున షాపులకి డిజిటల్ తెరలు అమర్చే ఇంజనీర్ని. హౌరాలో ఒక చీరల షాపు ముందు పెట్టిన తెర మీద సాయంత్రం ఎండ పడితే బొమ్మ కనపడక అద్దంలా మెరిసేది. నేను దానికి మసక ఫిల్మ్ అంటించి, కాస్త ముందుకు వంచి, ఆ మెరుపంతా పోగొట్టాను. గొప్పగా అత్తని తీసుకెళ్లి చూపించాను.

ఆమె పైట సర్దుకుని తెరలో చాలాసేపు వెతికింది.

"ఏటిరా ఇది, నాను కనపడ్డం లేదు."

"చీరలు కనపడుతున్నాయి కదత్తా."

"చీరలు లోపలికెళ్తే కనపడవేటి?"

వారం తిరక్కుండా బెంగాలీ షాపు యజమాని కబురు పెట్టాడు. "దాదా, ఇదివరకు ఆడవాళ్లు ఇక్కడ ఆగి మొహం చూసుకుని, అలాగే లోపలికొచ్చేవారు. ఇప్పుడు ఆగకుండా నది దాటే ఫెర్రీకి పోతున్నారు." తెర పక్కనే నిలువుటద్దం పెట్టమన్నాడు. మేకులు కొట్టింది నేనే.

అత్త మళ్లీ వచ్చింది. అద్దం ముందు పైట సర్దుకుని, "పర్లేదు, బాగానే ఉన్నాను" అంది. తర్వాత అందులో తన వెనక నిలబడ్డ ఇంజనీర్ని కాసేపు చూసి, "నువ్వే కొంచెం తల దువ్వుకోవాల్రా" అంది.