ఎడమ చేత్తో రాసిన ఉత్తరం

ముప్పై ఏళ్లు దాటింది, ఈ మాట నా గుండె మీద బండలా కూర్చుని. నమాజులో నుదురు నేలకు ఆనించినప్పుడు కూడా దిగదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మారిన రోజులవి. మాది చింతకి అనే పల్లె. బీదర్‌లో గుమాస్తా ఉద్యోగం దొరికి, అక్కడే మా అక్క జుబేదా ఇంట్లో ఉండేవాణ్ణి. మా బావ గఫూర్ బిద్రీ పనివాడు. నల్లటి కూజాల మీద ఉలితో పూలు చెక్కి, ఆ గాట్లలో వెండి తీగ పొదిగేవాడు. పనంతా ఇంటి వరండాలోనే.

రెండో కాన్పు తర్వాత అక్క కీళ్లు బిగుసుకుపోయాయి. గిన్నె ఎత్తలేదు. జడ వేసుకోలేదు. బావ ఒక్క మాట అనకుండా ఇంటి పని అందుకున్నాడు. జొన్నరొట్టెలు తట్టేవాడు, పిల్లల గుడ్డలు ఉతికేవాడు, పొద్దున్నే అక్కను ఎండలో కూర్చోబెట్టి తల దువ్వేవాడు. ఆమె ఏదో అనేది. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎందుకు? నా అక్కను అంత బాగా చూసుకుంటుంటే నేను సంతోషపడాలి కదా?

మా ఇంట్లో మగవాళ్లు మంచినీళ్లు కూడా ముంచుకుని తాగేవారు కాదు. చిన్నప్పుడు ఒకసారి నేను తిన్న పళ్లెం కడుగుతుంటే మా అబ్బా లాక్కుని అమ్మీ వైపు విసిరాడు. మగవాడు ఏ పనులు ముట్టుకోకూడదో ఆ రోజు నేర్చుకున్నాను. ప్రవక్త తన చెప్పులు తానే కుట్టుకునేవారని జుమ్మా బయానులో, శుక్రవారం మసీదు ప్రసంగంలో, ఎన్నోసార్లు విన్నాను, విని తల ఊపాను, ఇంటికి వచ్చి పిండి పిసుకుతున్న బావను చూసి సిగ్గుపడ్డాను. ఆఫీసులో తోటివాళ్లు మీ బావ గాజులు తొడుక్కున్నాడా అని నవ్వితే వాళ్లతో కలిసి నేనూ నవ్వాను.

బావ తండ్రి హుమ్నాబాద్‌లో ఉండేవాడు. పంతం మనిషి. ఆయనకు ఉత్తరం రాశాను. ఉర్దూలో, పేరు లేకుండా, చేతిరాత ఎవరూ పోల్చుకోకుండా ఎడమ చేత్తో. మీ కొడుకు ఆడదానిలా తయారయ్యాడు, గల్లీ అంతా నవ్వుతోంది అని. ఆయన వచ్చి నాలుగు తిడితే బావ మారతాడనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా, లేక బావ తలవంచుకుని నిలబడితే చూడాలనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

వారం తిరక్కముందే ఆయన వచ్చాడు. వాకిట్లో నిలబడి, ఇరుగుపొరుగు వినేలా ఆ ఉత్తరం చదివాడు. బావ చేతులకు ఇంకా పిండి ఉంది. కోడల్ని పుట్టింటికి పంపు, లేదంటే నాకు కొడుకు లేడనుకుంటాను అన్నాడు. నేను గోడకు ఆనుకుని ఏమీ ఎరగనివాడిలా నిలబడ్డాను. బావ పంపనన్నాడు. మూడో రోజు అక్కే పిల్లల్ని తీసుకుని చింతకికి బయలుదేరింది. తన వల్ల ఆయన తండ్రికి దూరం కాకూడదంది.

వాళ్లను బస్సెక్కించి వచ్చాక బావ నన్నడిగాడు.

"ఆ ఖత్ ఎవలు రాసిన్రో నీకేమన్న ఎరుకేనా?"

అప్పుడే చెప్పి ఉండవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"పక్కింటి షబ్బీర్ చాచా అయ్యుంటడు, దుల్హేభాయ్. మన ఇంట్ల సంగతులన్ని ఆయనకే ఎరుక."

"గాయనే గదరా, మీ ఆపాను దవాఖానకు టాంగాల తీస్కపోయింది?"

"ఎవల మనసుల ఏమున్నదో మనకేం తెలుస్తది?" అన్నాను.

నా గొంతు వణకలేదు. అదే ఇప్పుడు నన్ను ఎక్కువ భయపెడుతుంది.

బావ ప్రతి జుమ్మాకు చింతకికి వెళ్లేవాడు. మా ఇంట్లో ఆయన అల్లుడు. ముందు గదిలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చేవారు. వంటింట్లోకి అల్లుణ్ణి ఎవరు రానిస్తారు? అక్క లోపల మంచం మీద ఉండేది, బీదర్‌లో ఆయన చేసిన పనులన్నీ అలసిపోయిన మా అమ్మీ చేసేది. ఆరేళ్లు అలాగే గడిచాయి. అక్క పోయింది. తండ్రి ఎంత ఒత్తిడి చేసినా బావ మళ్లీ నిఖా చేసుకోలేదు.

షబ్బీర్ చాచా సలాంకు బావ ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు. తానేం తప్పు చేశాడని చాచా నన్నే అడిగాడు. తెలియదన్నాను. చాచా చనిపోతే జనాజా మా గల్లీ నుంచే వెళ్లింది. బావ తలుపు మూసుకున్నాడు. నేను వెళ్లి పాడెకు భుజం కలిపాను. ఏ మొహంతో?

బావ ఇంకా ఉన్నాడు. కళ్లు సరిగా ఆనవు. పిల్లలు దూరపు ఊళ్లలో స్థిరపడ్డారు. ఈద్ రోజు నన్ను గట్టిగా కావలించుకుని, జుబేదా తమ్ముడివి, నాకు మిగిలింది నువ్వే అంటాడు. చెబితే ఆయనకు అదీ మిగలదు. ఇది ఆయన మీద జాలా, నా పిరికితనమా? రెండూ కావచ్చు.

మాఫీ అడగడం లేదు. అడగవలసిన ముగ్గురిలో ఇద్దరు మట్టిలో ఉన్నారు. ఉత్తరం రాసింది షబ్బీర్ చాచా కాదు. నేను. ఇన్నేళ్లలో ఈ మాట కాగితం మీద కూడా పెట్టలేకపోయాను. ఇవాళ పెట్టాను. కాస్త ఊపిరి ఆడుతోంది.