మా మేడ మీది కాయిల్, సేటు ఇంటి టీవీ

మా చిన్నతనంలో, జహీరాబాదులో, సెలవు రోజంటే నా ఒళ్లో ఒక ప్లాస్టిక్ పైపు ముక్క... దాని చుట్టూ నేను చుడుతున్న రాగి తీగ.

మా చిన్నాయన సైన్సు మాస్టరు. హామ్ రేడియో లైసెన్సు ఉండేది. సొంతంగా చేసుకున్న సెట్టుతో ఎక్కడెక్కడి వాళ్లతోనో మోర్సు కోడ్‌లో, మీట నొక్కుతూ టకటకమని మాట్లాడేవాడు. తక్కువ ఫ్రీక్వెన్సీకి యాంటెన్నా చాలా పొడుగుండాలి. మా మేడ నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేది... అందుకని కాయిల్. తీగ మధ్యలో ఒకటి పెడితే పొట్టి తీగ కూడా పొడుగు తీగలా పనిచేస్తుంది.

ఆ కాయిల్ చుట్టడం నా పని. చెరకు తోటల పంపు మోటార్లు బాగుచేసే దుకాణం నుంచి చిన్నాయన తీగ తెచ్చేవాడు. చుట్టు పక్కన చుట్టు, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. బొటనవేలు వదిలితే అంతా స్ప్రింగులా లేచిపోతుంది.

“నీ చేతిల ఓపికున్నది బిడ్డా. గీ కాయిల్ ఎక్కినంక నీకు మోర్సు నేర్పుత. లైసెన్సు పరీక్ష రాయిస్త,” అన్నాడు.

కాన్వెంట్‌లో సిస్టర్ ప్రశ్న అడిగితే గొంతు పెగలని దాన్ని నేను. నోరు తెరవకుండా లోకంతో మాట్లాడొచ్చంటే... నాకు ఇంకేం కావాలి?

పాత కాయిల్ వానకు పాడైంది. కొత్తది పూర్తికాలేదు. వారం నుంచి సెట్టు ఆపేసే ఉంది.

కింద ఇంటి యజమాని సేటు ఉండేవాడు. గల్లీ మొత్తానికి ఆయనదొక్కటే టీవీ. ఆదివారం దేవుడి సీరియల్ వేళకు ఆయన హాలు నిండిపోయేది. ఆ ఆదివారం తెర మీద గీతలు పడ్డాయి. గుంపంతా మెట్లెక్కి పైకి వచ్చింది.

“ఏం మాస్టరూ, దేవుణ్ణి జర సూడనిస్తవా లేదా? నీ సెట్టుతోని తెర నిండ గీతలే!” అన్నాడు సేటు.

నేను లేచి నిలబడ్డాను. “మా సెట్టు బందున్నది. కాయిల్ ఇగో, నా చేతిలనే ఉన్నది.” అంతమంది ముందు నోరు విప్పడం నాకు అదే మొదలు.

“కాన్వెంట్ పిల్ల! గదే ముచ్చట ఇంగ్లీషుల టీవీకి చెప్పు బిడ్డా, ఇంటదేమో!” అన్నాడు సేటు.

అందరూ నవ్వారు. మా నాన్న నా వైపు చూడకుండానే, “లోపటికి పో,” అన్నాడు.

చిన్నాయన చేతులు జోడించాడు. “తప్పైంది సేట్. తీసేస్త.”

తీసేదాకా కూడా ఆగలేదు వాళ్లు. యాంటెన్నా తీగ పీకేశారు. ఎవరో నా చేతిలోంచి కాయిల్ గుంజుకున్నారు... తీగంతా ఒక్కసారిగా లేచి చిక్కుపడిపోయింది. దాన్ని అక్కడే పడేసి దిగిపోయారు.

“బందున్న సెట్టుకు తప్పైందని ఎందుకన్నవ్ చిన్నాయనా?”

“గీతలు సేటు పిండిగిర్నివి తల్లీ. మోటర్ల నిప్పురవ్వలు లేస్తున్నయ్. నాకెరుకే.”

“మరి చెప్పవేంది?”

“గిర్ని ఆయనదే, ఇల్లు ఆయనదే. ఖాళీ చెయ్యమంటే ఏడికి పోదాం?”

తరువాతి ఆదివారమూ గీతలు పడ్డాయి. మెట్లెక్కి ఎవరూ రాలేదు. ఆ గీతల్లోనే దేవుణ్ణి చూసుకుని, దండం పెట్టుకుని ఇళ్లకు పోయారు. ఒక్కరంటే ఒక్కరు, అయ్యో మాస్టరూ, అనలేదు.

చిన్నాయన సెట్టు మళ్లీ పెట్టలేదు. లైసెన్సు గడువు దాటిపోయింది. నేను పరీక్ష రాయలేదు.

ఇప్పుడు ఈ పాత జ్ఞాపకాల గ్రూపులో రోజూ చదువుతుంటాను... “గల్లీ అంతా ఒకే టీవీ ముందు కూర్చునేవాళ్లం, ఎంత ప్రేమగా ఉండేవాళ్లం” అని. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఇంటికో టీవీ వచ్చి ఆ హాళ్లు ఖాళీ అయ్యాయంటే, పీడ పోయిందనే అనిపిస్తుంది.

మీరూ అలాంటి హాల్లో కూర్చున్నవాళ్లయితే రాయండి... దేవుడి గురించి కాదు, సేటు పెట్టిన చాయ్ గురించీ కాదు. తెర మీద గీతలు పడ్డ రోజు మీరంతా కలిసి ఎవరి మేడ ఎక్కారో, అది రాయండి.