హిమాలయానికి పార్వతమ్మ పిన్ని చెంబు

ఎవరైనా ఏదైనా అడిగితే కాదనడం నాకు రాదు. అదేదో మంచితనం అనుకునేరు, ఒట్టి మొహమాటం. బచేలీ గని కాలనీలో కాపురం పెట్టిన కొత్తలో పక్క క్వార్టరు వాళ్లు నాలుగు రోజులు చూస్తూండమని తమ పిల్లిని మాకు అప్పగించి ఊరెళ్లారు. ఊరి నుంచి తిరిగొచ్చారు, తర్వాత కిరందూల్ మారారు, రిటైరై వెళ్లిపోయారు కూడా. పిల్లి మాత్రం మా గుమ్మంలోనే ముసలిదై పోయింది. మీ పిల్లిని తీసుకెళ్లండి అనడానికి నాకు నోరు పెగల్లేదు.

నా పేరు పైడిరాజు. మాది బొబ్బిలి పక్క పల్లె. బైలాడిలా కొండ మీద ఇనుపరాయి గనిలో డంపర్ నడుపుతాను. కాదనే మాట నా నోట వచ్చేది ఒక్క ఆ డంపర్ దగ్గరే. షిఫ్టు మొదట్లో బండెక్కి బ్రేకు తొక్కి చూస్తాను. అనుమానంగా ఉంటే దిగిపోతాను. ఒకసారి పై ఆఫీసరు వచ్చి నలుగురిలో నానా మాటలూ అన్నాడు. తల వంచుకుని అన్నీ విన్నాను గానీ బండి మాత్రం తియ్యలేదు. నిండు లోడుతో కొండ దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే మొహమాటం పనికిరాదు కదా. మా అమ్మాయి రామతులసి చిన్నప్పుడు రోజూ అన్నం దగ్గర అడిగేది: "బండి చూసే తీశావా నాన్నా?" చూసే తీశానమ్మా అంటే గానీ ముద్ద మింగేది కాదు.

ఆ తులసి పెద్దదై, కొండలెక్కడం నేర్చుకుంటానంటూ ఉత్తరాఖండ్ వెళ్లింది. నేను కాదనలేదు. కాదనడం రాదని చెప్పాను కదా! కానీ కాలనీలో మాత్రం "పైడిరాజుది ఎంత పెద్ద మనసు, ఆడపిల్లని హిమాలయాలకు పంపాడు" అని పేరొచ్చింది. ఆ పేరు నేను హాయిగా వాడుకున్నాను.

అక్కడ అది జనాన్ని కొండల మీదికి తీసుకెళ్లే గైడ్ అయింది. ఫోటోలు పంపేది. మంచులో బారుగా పదిమంది, అందరికీ నల్ల కళ్లద్దాలు, ముక్కుదాకా గుడ్డలు. ఇందులో మా పిల్ల ఏదో నాకు తెలిసేది కాదు. "ఇదేనండీ, నడుం మీద చెయ్యెట్టుకుంది సూడండి" అని మా ఆవిడ అప్పలనరసమ్మ చూపించేది. అప్పటి నుంచీ నాకొకటే కోరిక పట్టుకుంది. చిన్నప్పుడు దాన్ని కంపెనీ బస్సులో కొండ మీదికి తీసుకెళ్లి, డంపర్ క్యాబిన్లో కూర్చోబెట్టి నా పని చూపించాను. దాని పని నేనొకసారి చూడాలి. ముందు అది, వెనక నేను. అంతే, ఇంకేమీ అక్కర్లేదు.

ఈ ఏడు మా కార్మికుల క్లబ్బు నుంచి ఓ జట్టు హిమాలయ యాత్రకు సిద్ధమైంది. తీసుకెళ్లేది మా తులసే. జట్టు మొత్తానికి పెద్దగా ఉండటం దానికిదే మొదటిసారి. నేను పరుగెత్తుకెళ్లి పేరిచ్చాను. తులసి ఫోన్ చేసి ఒకటే మాట అంది. "నాన్నా, కొండ మీద నేను నీ కూతుర్ని కాను. రమ్మంటే రావాలి, ఆగమంటే ఆగాలి. బయల్దేరే ముందు మన కొండే సంచితో ఎక్కించి చూస్తాను. నిలబడలేనివాళ్లని తీసుకెళ్లను." నేను నవ్వాను. "ఒసే, నేను ముప్పై ఏళ్లుగా కొండ మీదే ఉన్నానే!" అన్నాను.

ఉన్న మాటే. కాకపోతే ఆ ముప్పై ఏళ్లూ కూర్చునే ఉన్నాను. క్వార్టరు నుంచి బస్సులో కూర్చుని పైకి, పైన డంపర్లో కూర్చుని షిఫ్టంతా, మళ్లీ బస్సులో కూర్చుని కిందికి. నా బరువు కింద ఎన్ని సీట్లు నలిగాయో గానీ ఆ కొండ మీద నా కాలు ఆనింది తక్కువ. ఈ సంగతి నాకప్పటికి తట్టలేదు.

తులసి చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించాను, నా పద్ధతిలో. బూట్లు ముందే కొని తొడుక్కు తిరిగి అలవాటు చేసుకోమంది. తొడుక్కుని డంపర్ నడిపాను. పాదం ఎక్కడా ఒరుసుకోలేదు. భేషైన బూట్లని నలుగురికీ చెప్పాను. రోజూ మెట్లెక్కమంది, మా క్వార్టరుకు ఉన్నవి మూడు మెట్లు, రోజూ ఎక్కుతూనే ఉన్నాను.

ఇక సంచి సర్దడం. మా కాలనీలో ఎవరు ప్రయాణమైనా అందరి సామానూ వాళ్లే మోయాలి. విశాఖ వెళ్లే కిరందూల్ పాసింజర్ ఎక్కామంటే మన గుడ్డలు ఒక సంచి, జనం పొట్లాలు మూడు సంచులు. హిమాలయమైనా వాళ్లకి పాసింజర్ బండిలాగే కనిపించింది. నాకూ అలాగే కనిపించింది, అది వేరే సంగతి.

మొదట పక్కింటి పార్వతమ్మ పిన్ని వచ్చింది, చేతిలో రాగి చెంబుతో.

"నాయినా పైడిరాజూ, గంగమ్మ పుట్టిన సోటుకే ఎల్తన్నావు. దీన్నిండా నీళ్లు తే బాబూ. సీసాలో ఒద్దు, రాగి సెంబులోనే తేవాల."

"అలాగే పిన్నీ" అన్నాను.

రైల్వేలో పనిచేసే జయరావు తన గుడ్డ హోల్డాల్ పట్టుకొచ్చాడు. పరుపూ దుప్పటీ చుట్టుకునే ఆ పాతకాలపు చుట్టతో సిమ్లా చలిలో వాళ్ల నాన్న బతికి బయటపడ్డాడట. "అలాగే" అన్నాను. క్యాంటీన్ తాతబాబు తన పేరు మీద శిఖరం దగ్గర కొట్టమని కొబ్బరికాయ ఇచ్చాడు. అలాగే! మా ఆవిడ ఆవకాయ జాడీ, చేగోడీల డబ్బా, చిన్న కుక్కరు, బియ్యం పెట్టింది.

"కుక్కరెందుకే?"

"అక్కడ రొట్టెలే పెడతారంట. మీకు అన్నం లేకపోతే కోపమొస్తాది. ఆ కోపం పిల్ల మీద సూపిస్తే?"

దానికీ అలాగే అన్నాను. నా వంతుగా మూడు స్వెట్టర్లు, మంకీ క్యాప్, ప్లాస్టిక్ మగ్గు పెట్టుకున్నాను. జిప్పు పట్టకపోతే నరసమ్మ సంచి మీద కూర్చుంది, నేను లాగాను. నిలబెడితే అది మా ఇద్దరి కంటే లావుగా ఉంది.

ఆదివారం పొద్దున్నే కొండ కింద చేరాం. తులసి ముందురోజే వచ్చింది. అందరి సంచులూ చేత్తో ఎత్తి చూస్తూ నా దగ్గరకొచ్చి, ఎత్తలేక నా మొహం చూసింది. గనికి పోయే రోడ్డు కాకుండా ఊళ్లవాళ్లు నడిచే కాలిబాట పట్టించింది.

మొదటి మలుపు దాకా నేనే ముందు. మాటలు కూడా చెప్పాను. రెండో మలుపులో మాటలు ఆగాయి. ఆ తర్వాత చెట్లు నా మీదికి వంగుతున్నట్టు, గుండె చెవిలో కొట్టుకుంటున్నట్టు అయింది. ఆ భేషైన బూట్లు రెండు మడమలూ కొరికేశాయి. నాతోపాటు డంపర్ నడిపే సుక్కా, సుక్మా వైపు దోర్ల గిరిజన కుర్రాడు, వెనక్కొచ్చి నా సంచి లాక్కున్నాడు.

"ఏంది దాదా, గింత బరువు? గనిల రాయి గిట్ల నింపినవా?"

"సామాను" అన్నాను. అంతకంటే పెద్ద మాటకు ఊపిరి లేదు.

తులసి సంచి విప్పించింది. అందరి ముందూ ఒక్కొక్కటే బండ మీదికి వచ్చాయి. చెంబు. కొబ్బరికాయ. హోల్డాల్. ఆవకాయ జాడీ వచ్చేసరికి నవ్వులు మొదలయ్యాయి, కుక్కరు రాగానే సుక్కా పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. నేనూ నవ్వాను. హమ్మయ్య, తప్పంతా సంచిదే అని నా ధైర్యం. "బరువు తీసేస్తే పరుగెడతానమ్మా" అన్నాను.

"సరే, ఉత్త చేతులతో రా" అంది తులసి.

ఉత్త చేతులతోనే నడిచాను. కాసేపటికే ఒక రాయి మీద కూలబడ్డాను. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టినట్టుంది. తులసి నా వేలికి క్లిప్పులాంటిది తగిలించి అంకెలు చూసింది. "ఛాతీలో నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"అబ్బే, లేదు" అన్నాను.

అది నా కళ్లలోకి చూసి లేచి నిలబడింది. "నాన్నా, నువ్వు రావడం లేదు. రేపు డాక్టరుకి చూపించుకో." అందరికీ వినపడేటంత గట్టిగానే, ఎవరికి చెప్పినా అలాగే చెబుతుందేమో అన్నట్టు చెప్పింది. సుక్కాను తోడిచ్చి నన్ను కిందికి పంపేసి, మిగిలినవాళ్లతో పైకి వెళ్లిపోయింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. చెమటని సుక్కాకి చెప్పాను.

సాయంత్రం ఇంట్లో పెద్ద పంచాయతీ. నేను కుర్చీలో ముడుచుకుని ఉన్నాను. పార్వతమ్మ పిన్ని చెంబు విషయం తేల్చుకోవడానికి వచ్చి కూర్చుంది.

"కన్నతండ్రిని ఒగ్గీసి ఊళ్లోవాళ్లని తీసుకెల్తావేటే గుంటా?" అంది.

"మీ నాన్న రోజూ నీ ఫోటోలే సూసుకుంటారే" అంది నరసమ్మ, ముక్కు చీదుతూ. "కొండెక్కొద్దు లేవే. నీ ఎనక కాస్త దూరం ఒచ్చి కింద కూకుంటారు."

తులసి తల దించుకుని తాడు చుడుతోంది. చుట్టిన తాడే విప్పి మళ్లీ చుట్టింది. పొద్దున్న కొండ మీద ఉన్న మొహం కాదది. "నాకు మాత్రం తీసుకెళ్లాలని లేదా అమ్మా?" అంది. నా వైపు తిరిగింది. "సరే నాన్నా. చివరి ఊరి దాకా రా. అక్కడ చూద్దాం."

చూద్దాం! నా ప్రాణం లేచొచ్చింది. అలాగే అన్న మాట నాలుక చివర దాకా వచ్చేసింది, ముప్పై ఏళ్ల అలవాటు మరి. కానీ నా సంగతి నాకు తెలుసు. చివరి ఊళ్లో నేను కూర్చోను. ఇంకాస్త దూరమమ్మా అంటాను. తులసి కాదనలేకపోతుంది. పైన ఎక్కడో నేను పడిపోతాను, అప్పుడు జట్టుని చూసుకుంటుందా, నన్ను మోస్తుందా? పొద్దున కాదని చెప్పిన పిల్ల సాయంత్రానికి చూద్దాం అంటోందంటే, లోడు బండి వాలులోకి దిగిపోతోందన్నమాట. దాన్ని ఆపాల్సింది నేనే.

"వద్దమ్మా" అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. ఆ మాట అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

"పొద్దున్న ఛాతీలో నొప్పి వచ్చింది. లేదని అబద్ధం చెప్పాను. బ్రేకు పట్టడం లేదు తల్లీ, ఈ బండి నువ్వు తియ్యకు."

తులసి తాడు వదిలేసి వచ్చి నా మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. చిన్నపిల్లలా, ఎక్కిళ్లు పెట్టి. నేనూ ఏడ్చాను; ఈసారి చెమట అనలేదు.

మర్నాడు గీదం మీదుగా రాయ్‌పూర్ వెళ్లే బస్సు దగ్గరికి అందరం వెళ్లాం. పార్వతమ్మ పిన్ని పట్టు వదలకుండా చెంబు తులసికి చాచింది.

"కుదరదు మామ్మా" అంది తులసి.

పిన్ని నా వైపు తిరిగింది, నువ్వైనా చెప్పు నాయినా అన్నట్టు. "అది కుదరదంటే కుదరదు పిన్నీ" అన్నాను. రెండు రోజుల్లో రెండోసారి! పిన్నికి కోపం వచ్చి, చెంబు నా చేతిలో పెట్టేసి చరచరా ఇంటికి వెళ్లిపోయింది. దాన్ని వద్దనేలోపే నా చేతిలో ఉంది. అలవాటు ఎక్కడికి పోతుంది?

బస్సు కదిలింది. తులసి కిటికీలోంచి సగం బయటికి వంగింది. తల మీద నా మంకీ క్యాప్. సంచిలోంచి ఎప్పుడు తీసుకుందో తెలియదు. ఈసారి ఫోటోల్లో నరసమ్మ చూపించక్కర్లేదు.

"డాక్టరుకి చూపించాకే డ్యూటీకి నాన్నా!" అని అరిచింది. "బండి చూసే తియ్యాలి!"

"చూసే తీస్తానమ్మా!" అని చెయ్యెత్తి ఊపాను. ఆ చేతిలో పార్వతమ్మ పిన్ని చెంబుంది.