మా ఇంటి ఏడో నెల

మా వాడు ఏడో నెలలోనే పుట్టి గాజు పెట్టెలో ఉన్న మూడో రోజున, ఆసుపత్రి వరండాలో అమ్మ నోరు విప్పింది. "నీకు ముందర నాకు రెండు బిడ్డలు పోయినాయి మే. రెండూ ఏడో నెలే. ఈ మాట ఎవురికీ చెప్పబాక."

మొదటి చెకప్‌లోనే డాక్టరమ్మ అడిగారు, మీ ఇంట్లో ఎవరికైనా నెలలు నిండకుండా కాన్పు అయిందా అని. పక్కన మా అత్తగారు కూర్చుని ఉంది. నేను నోరు తెరవకముందే అమ్మ, డాక్టరమ్మ మాట్లాడే అరవంలోనే, లేదు లేదంటూ "ఇల్ల, ఇల్ల" అనేసింది. పోయిన బిడ్డల ఊసు వియ్యపురాలి ముందు ఎత్తకూడదట. ఎత్తితే ఆడపిల్ల కడుపుకే వంక పెడతారట. మా వాళ్ళ పద్ధతి అది. పాడు పద్ధతి!

పరుగున వెళ్ళి డాక్టరమ్మకు చెప్పాను. "ముందే తెలిసుంటే తరచుగా స్కాన్లు తీసి కనిపెట్టుకుని ఉండేవాళ్ళం. ఆపగలిగేవాళ్ళమని మాత్రం చెప్పలేను," అన్నారు. మాధవరంలో మా ఇల్లు లారీలు తిరిగే రోడ్డు మీదే. ఆ పొగ, ఆ ఎండలు కూడా కారణం కావచ్చట. ఫలానాదే అని తేల్చలేరట. పొగను తిట్టుకుందామంటే అమ్మ గుర్తొస్తుంది. అమ్మను తిట్టుకుందామంటే ఆ రెండు చావులూ ఆమె ఒక్కతే దిగమింగుకుందని ఏడుపొస్తుంది.

అయిదో రోజు పొద్దున వాడు పోయాడు. పోయాకే నా చేతికిచ్చారు.

ఇప్పుడు మా చెల్లికి అయిదో నెల. ఇంత జరిగాక కూడా డాక్టరు అడిగితే అది మా ఇంట్లో ఎవరికీ నెలలు నిండకుండా కాన్పు కాలేదని చెప్పిందట. పక్కనే వాళ్ళత్త ఉందట. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేమన్నా పిచ్చా? ఒక్కదానివే పోయి నిజం చెప్పిరా," అని ఫోన్లో అరిచాను.

"అత్త లేకుండా నన్ను యాడికీ పంపరక్కా. నువ్వు బాత్రూంలో జారి పడబట్టే బిడ్డ ముందే పుట్టి పోయినాడని ఈడ చెప్పుండాను. చెడగొట్టబాక," అని ఏడ్చింది.

పోయిన ఆదివారం అత్తాకోడళ్ళిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఏమైనా కానీ, చెప్పేద్దామనే అనుకున్నాను. కాఫీ అందిస్తుంటే చెల్లి అత్తగారు నా చెయ్యి పట్టుకుని, "అయ్యో, ఎట్టా పడినావు తల్లీ?" అంది. ఆమె వెనకాల చెల్లి రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, నా నోటి వంకే చూస్తోంది.

"నేల తడిగా ఉండింది అత్తా," అన్నాను. "నేనే చూసుకోలేదు."